వెనకవైపు రాయని కార్డు

మా పెద్దమ్మ చావు గురించి ఇప్పుడు రెండు క్రైస్తవ సంఘాల్లో సాక్ష్యం చెబుతున్నారు. కాపరి తన గొర్రెను ఏడాది ముందే పిలిచాడనీ, ఆ పిలుపు కొత్త సంవత్సరం నాడు ఆమె తీసిన వాగ్దానపు కార్డులో వచ్చిందనీ, ఆ ఏడు దాటకుండానే నెరవేరిందనీ అంటున్నారు. చెప్పేవాళ్ళు మంచివాళ్ళే. కళ్ళు తుడుచుకుంటూ చెబుతారు. కానీ ఆ కార్డు రాసింది నేను. అందులో ఏం రాశానో, ఏం రాయలేదో నాకు తెలుసు.

రాయకుండా ఉండటానికి నాకు రెండేళ్ళ పాటు ఏవో కారణాలు దొరుకుతూనే ఉన్నాయి. పోయిన నెలలో అవి అయిపోయాయి. మా ఊళ్ళోనే పర్సుడీహ్ పేటలో ఒకావిడ, మా సంఘానికి తెలిసిన మనిషే, ఈ ఏడు తన కార్డులో పిలుపు వచ్చిందని చెప్పి ఆసుపత్రికి వెళ్ళడం మానేసిందట. ఇదేం పని అని ఇంట్లోవాళ్ళు అడిగితే మా పెద్దమ్మ కథ చెప్పిందట. ఆ మాట విన్న రోజు నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. ఇది మా ఇంటి సంగతే అయినా ఇందులో ఇతరులు కూడా ఉన్నారు.

నేను పదో తరగతి వరకు హిందీలో చదివాను. తెలుగు మాట్లాడటమే వచ్చు, అక్షరాలు రావు. తాతల నాడు పనికోసం ఈ హిందీ ఊరికి వలస వచ్చిన తెలుగువాళ్ళ వీధి మాది, నా ఈడువాళ్ళందరిదీ అదే సంగతి. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేవాళ్ళం. బిష్టుపూర్‌లో జిరాక్సులు తీసి, కాయితాలకు లామినేషన్ చేసే దుకాణంలో పనికి కుదిరాక, ఆ దగ్గర్లో తెలుగువాళ్ళు పెట్టుకున్న ఒక పాత లైబ్రరీ ఉందని తెలిసింది. మధ్యాహ్నం భోజనం వేళ అక్కడికి పోయేదాన్ని. ఇరవై రెండేళ్ళ వయసులో, పిల్లల వాచకం పట్టుకుని, లైబ్రరీ చూసే తాతగారి ముందు కూర్చుని అ ఆలు దిద్దుకున్నాను. అక్కడ తెలుగు పుస్తకాల బీరువాలు మూడున్నాయి. ఆరేళ్ళలో మూడూ చదివేశాను. కథలు, చరిత్ర, వైద్యం, పశువుల పెంపకం, ఏదీ వదల్లేదు. నాకు తెలుగు బడి లేకపోయినా బీరువాలున్నాయని గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ గొప్ప ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

గొర్రెల పెంపకం మీద ఒక పుస్తకం ఉండేది అందులో. గొర్రె మనిషి గొంతు గుర్తుపడుతుందట. వెల్లకిలా పడితే తనంత తాను లేవలేదట. నొప్పి వస్తే దాచుకుంటుందట, మందలో బలహీనంగా కనబడితే ప్రమాదమని దానికి పుట్టుకతోనే తెలుసట. ఇవన్నీ నేను మా సంఘంలో ఆడవాళ్ళ కూడికలో నిలబడి చెప్పాను. మెచ్చుకున్నారు. మా పెద్దమ్మ మాత్రం, "అయితే ఏటంటావు? గొర్రెకున్న గుట్టు మనకి నేదంటావు, అంతే కదా!" అంది. అందరూ నవ్వారు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే, అప్పటికే భర్త పోయిన ఆమె నన్ను భుయ్యాడీహ్‌లో నది వైపు ఉన్న తన రెండు గదుల ఇంటికి తెచ్చుకుంది. ఒక కాంట్రాక్టరు క్యాంటీన్‌లో వంట చేసి నన్ను పెంచింది. ఆమెకు చదువు రాదు. కానీ సంఘంలో ఆమెకొక పని ఉండేది. అది ఎవరూ అప్పగించిన పని కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక, ఆ వారం ఎవరెవరు రాలేదో గుర్తు పెట్టుకుని, అన్నం తిని, నల్ల గొడుగు పట్టుకుని వాళ్ళ ఇళ్ళకు పోయేది. జ్వరమా, తగువా, తాగుడా, అలకా, ఏదైనా సరే. గుమ్మంలో నిలబడి, "కనబడనేదేటి? ఆయన లెక్క ఒకటి తగ్గిందని నన్ను తోలినాడు" అనేది. ఆయన అంటే కాపరి. మా సంఘం గదిలో గోడ మీద ఆయన పటం ఉండేది. తెల్లటి అంగీ, భుజాల మీద గొర్రెపిల్ల. పెద్దమ్మ ఆ పటంతో ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేది. పొద్దున గది ఊడ్చేటప్పుడు, "కాళ్ళు తియ్యి, తడి పెడతన్నాను" అనడం నేను చెవులారా విన్నాను.

ఇక కార్డుల సంగతి. మా వాళ్ళలో కొత్త సంవత్సరం మొదటి ఆరాధనలో ఒక్కొక్కరు ఒక్కో వాగ్దానపు కార్డు తీస్తారు. గిన్నెలో బోర్లించి పెట్టిన కార్డుల్లోంచి కళ్ళు మూసుకుని తీయాలి. అందులో ఉన్న బైబిలు వాక్యం ఆ ఏడాది ఆ మనిషికి ఆయన ఇచ్చిన మాట. ఫ్రేము కట్టించుకునేవాళ్ళున్నారు, బియ్యం డబ్బాలో పెట్టుకునేవాళ్ళున్నారు. కార్డులో ఉన్నది నీది. లేనిది, ఎంత మంచి వాక్యమైనా, ఈ ఏటికి నీది కాదు. అలా అని ఎక్కడా రాసిలేదు. అయినా అందరూ అలాగే అనుకుంటారు.

అచ్చువేసిన కార్డుల పెట్టె ఏటా విజయనగరం వైపు నుంచి ఎవరో ఒకరు రైల్లో తెచ్చేవారు. ఆ ఏడు తేవలసినాయన ప్రయాణం మానుకున్నాడు. మా పాస్టరు అయ్యగారు దుకాణానికి వచ్చి, "నీ దస్తూరి బాగుంటాది కదమ్మా, నువ్వు రాసిచ్చేత్తావేటి?" అని అడిగారు. ఆ అడగడం నాకు ఎంత సంబరమో చెప్పలేను.

అంతటితో ఆగితే బాగుండేది. అంతకు ముందు ఏళ్ళలో చదువురానివాళ్ళకు కార్డులు చదివి చెప్పే పని అయ్యగారి బావమరిది చేసేవాడు. ఆయన చదువుతూ చదువుతూ సొంత మాటలు కలిపేవాడు. పెళ్ళికాని పిల్ల తీస్తే పెళ్ళి కలిపేవాడు, ఉద్యోగం లేని కుర్రాడు తీస్తే ఉద్యోగం కలిపేవాడు. నాకది మోసంగా తోచింది. డిసెంబరులో అందరి ముందూ లేచి, "ఈసారి కార్డు ఎవరు చదివినా ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఒక్క అక్షరం కలపకూడదు. వాక్యానికి మన సాయం అక్కర్లేదు" అన్నాను. బావమరిది తల ఊపి, "అలాగే చెల్లీ. నువ్వే చదువు మరి" అన్నాడు.

దుకాణంలో మిగిలిన దళసరి అట్టముక్కలు కోసి అరవై నాలుగు కార్డులు తయారుచేశాను. అన్నీ కాపరి గురించిన వాక్యాలే ఉండాలని నా ఆలోచన. ఇంతవరకు ఎవరూ అలా చేయలేదని లోపల ఒక మురిపెం కూడా. పెద్ద అక్షరాలు, నీలం ఇంకు. ఒక్క వాక్యం మాత్రం ఒకవైపు పట్టలేదు. చీకటి లోయలో, అంటే చావు నీడలో, నడవడం గురించిన కీర్తన వాక్యం. లోయ, చీకటి, నడక ముందువైపు సరిపోయాయి. భయపడననే మాట, నువ్వు తోడున్నావనే మాట వెనకవైపు రాద్దామని ఇంకు ఆరడానికి పక్కన పెట్టాను. ఇంతలో ఎవరో ఆధార్ కార్డుల కాపీలకు వచ్చారు. నలభై మంది కూలీలవి, ముందు వెనకలు. ఆ పని అయ్యేసరికి సాయంత్రమైంది. కార్డులన్నీ కలిపి రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టుకున్నాను.

కొత్త సంవత్సరం నాడు పొద్దున ఆరాధనలో పెద్దమ్మ తీసింది ఆ కార్డే.

తీసి నా చేతిలో పెట్టి, "సదువు" అంది. ముందువైపు చూడగానే నాకు అర్థమైంది. తిప్పి చూశాను. ఖాళీ. ఒక గీత కూడా లేదు. మిగతా సగం నాకు నోటికి వచ్చు. నాకే కాదు, ఆ గదిలో ఉన్న అందరికీ వచ్చు. నాకు నేర్పిందే పెద్దమ్మ. చూసి చదువుతున్నట్టు నోటితో పూర్తి చేస్తే సరిపోయేది. కానీ రెండడుగుల దూరంలో అయ్యగారి బావమరిది చేతులు కట్టుకుని నిలబడి నా వైపే చూస్తున్నాడు.

ముందువైపు ఉన్నది చదివి ఆగాను.

"అంతేనా?" అంది పెద్దమ్మ.

"అంతే."

"ఉన్నది ఉన్నట్టే చదివేవా చెల్లీ?" అన్నాడు బావమరిది నవ్వుతూ.

"ఉన్నది ఉన్నట్టే" అన్నాను.

పక్కనున్నావిడ పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెంటనే తీసేసింది. పెద్దమ్మ కార్డు తీసుకుని జాకెట్లో పెట్టుకుంది. పటం వైపు తిరిగి, "సరే" అంది. ఎవరైనా పని చెబితే ఒప్పుకున్నట్టు అంది.

ఇంటికి పోయాక చెబుదామనుకున్నాను. సాయంత్రం వంకాయ కూర వండుకుని మామూలుగా తింటుంటే, ఆమె ఏమీ పట్టించుకోలేదనుకుని ఊరుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు చెబితే, నిన్న ఎందుకు చెప్పలేదంటుంది. వారం పోయాక చెబితే సంఘమంతా తెలుస్తుంది. ఇలా రోజులు పేరుకున్న కొద్దీ ఆ చిన్న మాట పెద్దదవుతూ వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆమె రవిక హుక్కులు పెట్టుకోలేక నన్ను పిలిచింది. ఎడమ రొమ్ము మీద చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. ఎన్నాళ్ళనుంచి అంటే, "దసరా నుంచి" అంది. గొర్రె నొప్పి దాచుకుంటుందని నలుగురికీ ఉపన్యాసం చెప్పినదాన్ని, ఒకే గదిలో పడుకుంటూ నాలుగు నెలలు ఏమీ చూడలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలు చేశారు. డాక్టరు హిందీలో నెమ్మదిగా చెప్పాడు. చిన్నదిగా ఉంది, పాకలేదు, ఈ నెలలోనే తీసేస్తే మంచిది. చీటీ రాసి ఇచ్చాడు.

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడినప్పుడు, "ఈ ఏడు కాదు" అంది పెద్దమ్మ.

"ఏది కాదు?"

"ఆపరేసను. ఈ ఏడు నన్ను లోయలో నడవమన్నాడు. నడుత్తన్నాను. మద్దెలో ఎవుడో కత్తట్టుకుని ఆగమంటే ఆగుతానేటి? జనవరిలో ఇంకో కార్డొత్తాది. అది సూసి ఎల్దాం."

"మిగతా వాక్యం నీకు రాదా పెద్దమ్మా?"

"రాకపోవడమేటి? వచ్చు. వచ్చినంత మాత్రాన నాకిచ్చినట్టా? పక్కింటోలి కూర వాసన నాకూ వత్తాది, నాకు పెట్టినట్టా?"

ఆటో వచ్చింది. అప్పుడూ చెప్పలేదు. దుకాణానికి ఆలస్యమైందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ తర్వాత వీధి మారిపోయింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. గడ్డ సంగతి తెలియగానే కార్డూ, గడ్డా ఒకటైపోయాయి. మా గుమ్మం ముందు ఆడుకునే పిల్లలను తల్లులు లోపలికి పిలుచుకునేవారు. పెద్దమ్మ ఇచ్చిన పచ్చడి తీసుకుని తినకుండా పెట్టేవారు. మరోపక్క, ఎప్పుడూ రానివాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండగా ఒకామె వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆమె కొడుకు రెండేళ్ళ కిందట నదిలో పోయాడు.

"వదినా, నువ్వెలాగూ ముందెల్తన్నావు. మావోడు కనబడితే, ఆడి సెప్పులు నానింకా పారీనేదని సెప్పు" అంది.

పెద్దమ్మ, "సెప్తాను. ఏ రంగు సెప్పులు?" అంది.

"నీలం. పట్టీ తెగింది."

"నీలం. గుర్తెట్టుకుంటాను."

ఆమె పోయాక పెద్దమ్మ నా వైపు తిరిగి, "నన్ను పోస్టాఫీసు సేసీసినారు గుంటా" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఏప్రిల్ దాటేసరికి అలాంటి సందేశాలు తొమ్మిదో పదో వచ్చాయి. ఆమె వాటిని వేళ్ళ మీద వల్లెవేసుకునేది. ఆదివారం గొడుగు పట్టుకుని పోవడం మాత్రం మానలేదు. పోతే కొందరు తలుపు తీసేవారు కాదు. లోపల మనుషులున్న చప్పుడు వినిపిస్తూనే ఉండేది. ఆమె గుమ్మంలో కాసేపు నిలబడి, తలుపుతోనే, "రాకపోతే లెక్క తగ్గుతాది" అని చెప్పి తిరిగొచ్చేది.

గడ్డ జామకాయంత అయింది. ఆమె ఎడమచేయి పైకి ఎత్తడం మానేసింది.

జులై చివర వానలు ఆగలేదు. ఎగువన డ్యాము గేట్లు ఎత్తుతున్నారనీ, పల్లపు ఇళ్ళు ఖాళీ చేయమనీ మైకు పెట్టిన బండి రెండుసార్లు తిరిగింది. సువర్ణరేఖ నది రంగు చూస్తే భయం వేసింది. ఎర్రగా, చిక్కగా, చప్పుడు లేకుండా మా కింది సందులోకి వచ్చేసింది. మేము బియ్యం, పక్కబట్టలు మూటలు కట్టుకుని సంఘం గదికి పోయాం. అది మేడ మీద ఉంటుంది. మిగతావాళ్ళు సామాన్ల కోసం మళ్ళీ దిగారు. పటం కింద మూటల మీద మేమిద్దరమే కూర్చున్నాం. కిటికీలోంచి చూస్తే మా ఇంటి మెట్లు కనబడటం లేదు.

అక్కడ చెప్పాను. కార్డు ఎలా రాశానో, ఎందుకు ఆగానో, ఎందుకు కలపలేదో, బావమరిది ఎక్కడ నిలబడ్డాడో, అంతా. అది నీకొచ్చిన పిలుపు కాదు, నా మరుపు అన్నాను. రేపే ఆసుపత్రికి పోదామన్నాను.

ఆమె రవికలోంచి కార్డు తీసి తిప్పి చూసింది. చెమటకు అంచులు మెత్తబడ్డాయి.

"ఏడు నెల్లా?" అంది.

"ఏడు నెలలు."

"ఎన్ని కార్డులు రాసేవు?"

"అరవై నాలుగు."

"అరవై నాలుగింట్లో నువ్వు మర్సిపోయిందొక్కటే. అది నా సేతికే ఎలాగొచ్చింది?"

మూడు బీరువాల్లోనూ దానికి జవాబు లేదు.

"నీ సేత మరిపించినాడు" అని ఆమె కార్డు లోపల పెట్టుకుంది. కోపం లేదు. తిడితే బాగుండుననిపించింది. నా తప్పు కూడా నా సొంతం కాకుండా పోయింది. కింద నీళ్ళు గోడలకు తగులుతున్న చప్పుడు వింటూ ఆ మధ్యాహ్నమంతా కూర్చున్నాం.

నీళ్ళు మూడు రోజులకు దిగాయి. ఆగస్టు పోయింది. నేను రోజూ అడిగాను, బతిమాలాను, ఏడ్చాను, ఒకరోజు అన్నం మానేశాను. అయ్యగారితో కూడా చెప్పించాను, అసలు సంగతి చెప్పకుండా. "అమ్మా, డాక్టర్లు కూడా దేవుడిచ్చినోళ్ళే" అన్నారాయన. "అవునయ్యగారూ, జనవరిలో ఎల్తాను" అంది.

సెప్టెంబరులో ఒక ఆదివారం, రెండు వారాలుగా రాని ఒక కుటుంబం కోసం ఇద్దరం బయల్దేరాం. అప్పటికి గొడుగు నేను పట్టుకోవాల్సి వస్తోంది. వాళ్ళ ఇల్లు నది ఒడ్డు దాటి పోవాలి. ఒడ్డున రెల్లు పూసింది. అక్కడ ఒక గొర్రెలమంద మేస్తోంది. ఏటా వానలు వెలిశాక ఎక్కడినుంచో తోలుకొస్తారు. మంద కాసే మనిషి ఒక గొర్రెను పడేసి, దాని మెడ మీద మోకాలు పెట్టి కూర్చున్నాడు. చేతిలో చిన్న కత్తి ఉంది. పక్కన సీసాలో నల్లటి నూనె ఏదో ఉంది.

దగ్గరికి పోతే వాసన కొట్టింది. గొర్రె తొడ మీద పుండు పురుగు పట్టింది. అతను ఉన్ని కత్తిరించి, కుళ్ళిన కండ కోసి పక్కన పడేస్తున్నాడు. నోట్లో ఖైనీ పెట్టుకుని, దాన్ని హిందీలో బూతులు తిడుతున్నాడు. తిడుతూనే రెండో చేత్తో దాని చెవి నిమురుతున్నాడు. గొర్రె అరవలేదు. కళ్ళు మాత్రం తెరుచుకుని మా వైపు చూస్తోంది. నేను తల తిప్పుకున్నాను. పెద్దమ్మ తిప్పుకోలేదు. ఇంకో అడుగు ముందుకు వేసింది.

"బచేగీ క్యా?" అని అడిగింది. బతుకుతుందా అని.

అతను తలెత్తకుండా, వారం ముందు చూసి ఉంటే ఖాయంగా బతికేది, ఇప్పుడు చెప్పలేను అన్నాడు. "దీనికి నోరు లేదు మాజీ. మందలో నడుస్తూనే ఉంది, మేస్తూనే ఉంది. మనిషైతే నొప్పి అని చెప్పి ఉండేది."

పెద్దమ్మ పమిట ఎడమవైపు లాక్కుంది. అతను సీసాలోది పుండులో పోశాడు. అప్పుడు అరిచింది గొర్రె. ఆ అరుపుకు మందంతా ఒక్కసారి తలలెత్తి, మళ్ళీ మేతకు వంగింది.

మేము వెళ్ళవలసిన ఇంటికి వెళ్ళాం. తిరిగి వచ్చేదారిలో ఆమె మా సందు మొదట్లో ఆగి, "మన పటంలో ఆయన సేతిలో కత్తి నేదు కదా" అంది.

"లేదు."

"ఎయ్యాల. కత్తి నేకుండా కాపరేటి?" కాసేపు ఊపిరి తీసుకుని, "రేపు సెలవెట్టు" అంది.

అక్టోబరులో ఆపరేషన్ చేశారు. ఫిబ్రవరిలో చూసిన డాక్టరే. నేను పాత చీటీ తీసి ఇచ్చాను. తేదీ చూశాడు, నన్ను చూశాడు, చీటీ మడిచి మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు. చంకలోకీ, ఇంకా లోపలికీ పాకిందని తర్వాత చెప్పారు. అతని నోటివెంట ఒక్క నిందమాట రాలేదు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. దాన్ని విప్పి చూడను.

డిసెంబరులో ఆమె మంచం దిగలేదు. ఒకరోజు నేను కలం తీసుకుని, "పెద్దమ్మా, వెనకవైపు రాసేస్తాను, కార్డు ఇయ్యి" అన్నాను. ఆమె నవ్వింది. పెదాలు పగిలి ఉన్నాయి.

"వొద్దు. రాసేత్తే నువ్వు మర్సిపోయేవని ఎవులూ నమ్మరు. అలాగే ఉండనీ. నాను పోయాక ఆలందరూ ఏటేటో సెప్పుకుంటారు. అప్పుడిది సూపించు. బీరువాలు సదివేవు కదా, ఒక బీరువాకి నువ్వు రాయి."

"నన్ను క్షమించేవా?"

"నిన్ను కాదు గుంటా, నన్ను నానే తిట్టుకుంటన్నాను. నొప్పెడతాదని నాకు నోరుంది. ఆయనకి సెప్పేను, డాక్టరుకి సెప్పనేదు." తర్వాత చాలాసేపటికి, కళ్ళు మూసుకునే, "ఆయన నాతోనే ఉన్నాడు. కార్డులో నేకపోయినా ఉన్నాడు. అది కూడా రాయి" అంది.

క్రిస్మస్ ముందు ఆదివారం. ఆరాధన నుంచి వచ్చి ఆమె నోట్లో గంజి పోస్తుంటే, "ఎవులు రానేదు?" అని అడిగింది. రెండు ఇళ్ళవాళ్ళు రాలేదన్నాను. "ఎల్లు మరి" అంది. నిన్ను ఇలా వదిలి వెళ్ళనన్నాను. "ఆయన లెక్క తగ్గింది. నానెల్లలేను. నువ్వెల్లు, గొడుగట్టుకెల్లు" అని గోడవైపు తిరిగింది. పక్కింటామెను కూర్చోబెట్టి వెళ్ళాను. ఒక ఇంట్లో జ్వరం, ఇంకో ఇంట్లో అలక. అలకవాళ్ళు తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. నేను తిరిగి వచ్చేసరికి మా గుమ్మం ముందు చెప్పులు చాలా ఉన్నాయి.

సమాధి దగ్గర అయ్యగారు కార్డు సంగతి చెప్పారు. ఆయనకు అసలు విషయం తెలియదు. ఆయన తప్పేమీ లేదు. కొడుకు చెప్పులు దాచుకున్నామె గట్టిగా ఏడ్చి స్తోత్రం చెప్పింది. కార్డు అప్పుడు నా సంచిలోనే ఉంది. నేను నోరు విప్పలేదు. కొత్త సంవత్సరం నాడు ఒకసారి, సమాధి దగ్గర ఇంకొకసారి. మొదటి మౌనం మా పెద్దమ్మను తీసుకుపోయింది. రెండోది పర్సుడీహ్ దాకా నడిచి వెళ్ళింది.

ఇంతవరకు రాశాక, ఈ కాయితాలు పట్టుకుని మొదట అక్కడికే వెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని అంతా విన్నది. కాళ్ళు వాచి ఉన్నాయి. చివర్లో కార్డు అడిగి తీసుకుని, ముందు చూసి, వెనక చూసి, వేలితో ఖాళీ వైపు రుద్ది చూసింది. "ఆలోచించుకుని సోమవారం చెప్తాను" అంది. సోమవారం వెళితే తాళం వేసి ఉంది. పొద్దున ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. తానుగా నడిచి ఎక్కిందా, ఎత్తి ఎక్కించారా అని అడిగాను. వాళ్ళు చూడలేదట.

ఇక కృతజ్ఞతలు. పేర్లు రాయనన్నాను కాబట్టి ఎవరికి వారు తమను గుర్తుపట్టాలి. నాకు అక్షరాలు దిద్దించిన లైబ్రరీ తాతగారికి. ఆసుపత్రి రోజుల్లో జీతం కోయని దుకాణం యజమానికి. ఇది సంఘంలో చదవడానికి ఒప్పుకుని, తన సాక్ష్యం తప్పని అందరి ముందూ చెబుతానన్న అయ్యగారికి. కోపం చూపించకుండా చీటీ మడిచి ఇచ్చిన డాక్టరుకు. నది ఒడ్డున పేరైనా అడగని మంద కాపరికి. ఆ రోజు గొర్రె బతికిందో లేదో నాకు తెలియదు. అయ్యగారి బావమరిదికి కూడా. అయ్యగారి దగ్గర ఈ రాత సంగతి విన్నాక ఆయన మా ఇంటికి వచ్చి, "కార్డు వెనక ఖాళీగా ఉండటం ఆ రోజు నేనూ చూశాను చెల్లీ. నువ్వేం చేత్తావో చూద్దామని ఊరుకున్నాను" అని చెప్పి, అది కూడా రాయమన్నాడు. రాశాను.

చివరగా పర్సుడీహ్ ఆవిడకు. కార్డు ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.